బురద బూటు శాస్త్రం

తొలకరి పడగానే వికారాబాదు వైపు బారులు తీరే ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే, బండ్ల యజమానులకు ఇన్నాళ్లూ కొరవడింది నేర్పు కాదనీ, తగిన పాదరక్ష మాత్రమేననీ ఈ వానాకాలం తేలిపోయింది. బురదలో బండి నడిపేవారి కోసమే అవతరించిందని చెబుతున్న ఆ బూటు చీలమండ దాటి పైకి వస్తుంది, నీటిని లోపలికి రానివ్వదు, వేళ్ల మీద బండరాయి పడినా కాపాడుతుంది, సోలుకు ట్రాక్టరు టైరును తలపించే లోతైన పళ్లు కూడా ఉంటాయి. ఇన్ని గుణాలున్న వస్తువును ఎందుకు కొనాలో చెప్పడానికి అమ్మకందార్లకు ‘పట్టు’ అనే ఒక్క మాట చాలింది. పట్టు దేని మీద అన్న ప్రశ్న మాత్రం, ఆ బూటు తొడిగిన కాళ్లను కెమెరా వైపు చాపి దాని మహిమను వివరిస్తున్న నిపుణుల్లో ఎవరికీ తట్టినట్లు లేదు.

బురదలో బండి నడపడమంటే చాలావరకు కుడి పాదంతో యాక్సిలరేటరును వెంట్రుకవాసి తేడాలతో అదమడమూ వదలడమూనే. కాస్త ఎక్కువ నొక్కితే చక్రాలు గిర్రున తిరిగి తమ గుంతను తామే తవ్వుకుంటాయి, కాస్త తగ్గిస్తే ఊపు చచ్చి బండి ఉన్నచోటే దిగబడుతుంది, ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని హద్దు తెలిసేది అరికాలికి. ఫోర్ లో అనే గేరు వరుసలో, అంటే వేగాన్ని తగ్గించి చక్రాలకు బలాన్ని పెంచే అమరికలో, పాదం కొద్దిగా అదిరినా బండి మొత్తం కుదుపుకు లోనవుతుంది. అందువల్ల మడమ నేలకు ఆని ఉండి, దాని మీదనే పాదం బ్రేకుకూ యాక్సిలరేటరుకూ మధ్య తిరగడానికి వీలుగా సోలు పలుచగా, చదునుగా, పక్క పెడలును కూడా తొక్కేయనంత ఇరుకుగా ఉండాలి. రేసు డ్రైవర్ల బూట్ల సోలు పలుచగా ఉండటానికి కారణం ఇదే. 1963లో ఇటలీ దేశస్థుడు జానీ మోస్తిలె అడుగున చిన్న రబ్బరు బొడిపెలున్న మెత్తని తోలు జోడును కార్లు నడిపేవారి కోసమే తయారు చేసినప్పుడు కూడా పెడలు స్పర్శ కాలికి అందాలన్నదే ఉద్దేశం. నేటి బురద బూటు ఆ స్పర్శకు అంగుళం మందాన రబ్బరు అడ్డం పెట్టి, దానికి నియంత్రణ అని పేరు పెట్టింది.

అయితే ఈ బూటుకు ఆపాదిస్తున్న మహిమలన్నింటిలో ఘనమైనది స్వయంశుద్ధి. సోలు పళ్ల మధ్య ఎడం ఎక్కువగా ఉండటం వల్ల అందులో ఇరుక్కున్న మన్ను తనంతట తానే రాలిపోతుందట. నడిచే మనిషి విషయంలో ఇది పూర్తిగా అబద్ధం కాదు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఒంటి బరువు పడి లేచి సోలు వంగుతుంది, ఆ వంపుకూ విదిలింపుకూ మట్టి కొంత ఊడుతుంది. డ్రైవరు నడవడు, కూర్చుంటాడు. కూర్చున్నవాడి బరువు సీటు మీద ఉంటుంది, సోలు వంగదు, కాబట్టి కిందికి దిగి గుంత లోతు చూసి వచ్చినప్పుడు అంటిన మన్ను అతనితోపాటే బండెక్కి, ఆపైన బ్రేకు నొక్కినప్పుడల్లా కొంచెం కొంచెంగా పెడలు రబ్బరు మీది చారల్లోకి దిగి వాటిని పూడ్చేస్తుంది. అంటే స్వయంశుద్ధి జరగదని అనలేం. బూటు శుభ్రపడుతుంది, బ్రేకు జారుతుంది.

పైగా అది ఏ మన్ను అన్నది కూడా చూడాలి. ఆ వికారాబాదు వైపే ఉన్న తాండూరు ప్రాంతంలోని నల్లరేగడి, పొరల సందుల్లోకి నీటిని పీల్చుకుని ఉబ్బే బంకమట్టి ఖనిజాలు ఎక్కువగా ఉన్న నేల. తడిసిన రేగడిలో కాసేపు నడిస్తే చెప్పు కింద మరో చెప్పు తయారవుతుంది కనుకనే రైతులు వాన పడ్డ చేలో చెప్పులు విడిచి చేత పట్టుకుని నడుస్తారు. పళ్లు ఎంత లోతుగా ఉంటే ఆ మన్ను అంత గట్టిగా పట్టుకుంటుందని వారికి ఏ ప్రకటనా చెప్పనవసరం లేకపోయింది.

నీళ్లతో కడిగితే సరి అని స్వయంశుద్ధి భక్తులు అంటారు. కడిగించుకోవలసినది స్వయంశుద్ధి ఎలా అయిందో వారే చెప్పాలి. బండ్లు చేసేవారు ఇంతకన్నా నిజాయితీపరులు. 2020లో వచ్చిన కొత్త థార్ జీపు లోపలి నేలను కడుక్కోవడానికి, ఆ నీరు కిందికి పోవడానికి బిరడాలు అమర్చారంటే, బురద ఎలాగూ కాళ్లతోపాటు లోపలికి వస్తుందని వారు ముందే ఒప్పుకున్నట్లే. నీరు చొరని బూటు సంగతి చెప్పనే అక్కర్లేదు, దాని అంచు దాటిన లోతులో ఒక్కసారి కాలు పెడితే లోపల చేరిన నీటిని కూడా అది అంతే శ్రద్ధగా బయటికి పోనివ్వదు.

ఈ బూట్లు నిజంగా కావలసినవారు ఎవరో బండి దిగబడ్డ తర్వాత బయటపడుతుంది. సీట్లో ఉన్నవాడు సీట్లోనే ఉంటాడు; మోకాటి లోతు బురదలోకి దిగి, రాళ్లూ తుమ్మముళ్లూ కాలికి గుచ్చుకుంటుండగా, బండి కొక్కేనికి లాగుడు పట్టీ తగిలించేది ఊరి నుంచి పిలిపించిన ట్రాక్టరు మనిషి. అతను తరచుగా వట్టి కాళ్లతోనే ఉంటాడు. ఏటా లక్షల ఎకరాల్లో నాట్లకు ముందు నీరు నిలిపిన మడిని కలియదున్నే పని, అంటే దమ్ము, అలాంటి కాళ్లే చేస్తున్నాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి కాలి పగుళ్ల గుండా ఒంట్లోకి చేరే క్రిమి తెచ్చే ఎలుక జ్వరం ఆ కాళ్లకే వస్తుంది, మామూలు రబ్బరు గంబూట్లు ఆ కాళ్లకే అందవు. బురద ప్రమాదకరమని ఇప్పుడు కనుగొన్నవారికి ఆ ప్రమాదం ఆదివారం పూట, సీటు బెల్టు వెనక మాత్రమే కనిపించడం సిగ్గుచేటు. 2022లో తన కందికి భౌగోళిక గుర్తింపు సంపాదించుకున్న తాండూరు నేలను ‘ట్రాక్’ అని పిలుస్తూ, రైతుల బండ్ల బాటలను వారం వారం గుంతలు చేసి, బూటు సోలు మీద చర్చలు పెట్టడాన్ని సాహసం అనడం ఇంకా సిగ్గుచేటు. తవ్విన బాటను మళ్లీ చదును చేసుకునేది ఎవరు?

పాదరక్ష విషయానికి వస్తే, ఇందులో శాస్త్రం కొంచెమే ఉంది. వట్టికాలు తడి పెడలు మీద గట్టి బ్రేకు వేసేటప్పుడు జారుతుంది. వెనక పట్టీ లేని హవాయి చెప్పు ఊడి బ్రేకు కిందికి దూరిపోగలదు, దానితో నడిపితే జరిమానా పడుతుందన్న ప్రచారాన్ని మాత్రం 2019లోనే కేంద్ర రవాణా మంత్రి కార్యాలయం ఖండించింది. బడి పిల్లలు డ్రిల్లుకు వేసుకునే కాన్వాసు బూట్ల వంటివి, అంటే పలుచని రబ్బరు సోలూ మడమను పట్టి ఉంచే వెనక భాగమూ ఉన్నవి, ఈ పనికి నిక్షేపంగా సరిపోతాయి. దిగవలసి వస్తే వేసుకోవడానికి గంబూట్లు వెనక డిక్కీలో, ఎక్కే ముందు కాళ్లు తుడుచుకోవడానికి ఒక గోనెపట్టా తలుపు దగ్గర ఉంటే చాలు. గోనెపట్టాను పొగుడుతూ ఇంతవరకు ఎవరూ వీడియో తీయలేదు, బహుశా దానికి రంగులు తక్కువ.

ఉక్కు ముక్కు ఉన్న బూటు పెడళ్ల కింద రాళ్లు దొర్లే బండ్లకు పనికొస్తుంది. బూటు పైభాగానికి వేసిన సైనిక మచ్చల బట్ట, డ్రైవరును యాక్సిలరేటరు గుర్తుపట్టకుండా దాచడానికి కాబోలు. ఇక ఆటోమేటిక్ గేర్ల బండ్లలో క్లచ్ ఉండదు, ఎడమ పాదానికి పనే లేదు; అమ్మకందార్ల తర్కాన్ని వారికే అప్పగిస్తే, ఆ యజమానులకు కుడికాలి బూటు ఒక్కటే సగం ధరకు ఇవ్వాలి.