వినకుండా పిలిచిన రాత్రులు

160 మీటర్ల బ్యాండ్ మీద నేను చేసిన తెలివితక్కువ పనికి సాక్షులు నేనెన్నడూ చూడని మనుషులు. ఒకరు జపాన్‌లో, ఒకరు ఉక్రెయిన్‌లో, ఇంకొకరు ఫిన్లాండ్‌లో. చలికాలపు రాత్రి నిద్ర మానుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నా పిలుపు విని జవాబిచ్చి, మళ్లీ ఇచ్చి, చివరికి విసిగి వెళ్లిపోయినవాళ్లు. నాకు వాళ్లు వినపడలేదు. వినపడటం లేదేమో అన్న అనుమానం కూడా నాకు రాలేదు. అందుకే ఇంకా గట్టిగా పిలిచాను.

హామ్ రేడియో సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత ఇంట్లో రేడియో స్టేషన్ నడుపుకునేవాళ్లం మేము. మన దేశంలో కాల్‌సైన్లు ఎక్కువగా వీయూతో మొదలవుతాయి. పాటలు వెయ్యకూడదు, వ్యాపారం చెయ్యకూడదు. 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తుతో మన దేశంలో ఇది మొదలైంది. మన తెలుగువాళ్లకు దీన్ని దగ్గర చేసింది 1983లో హైదరాబాద్‌లో సూరి గారు పెట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చిన రోజున పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి, అక్కడి కబుర్లు బయటి ప్రపంచానికి అందించిన భారతీ ప్రసాద్ గారు ఆ సంస్థ తరఫున వెళ్లినవారే. ఆవిడ గురించి చదివాకే నేను చుక్కలూ గీతలతో మాట్లాడే మోర్స్ నేర్చుకున్నాను.

మా బ్యాండ్లను తరంగం పొడవుతో పిలుస్తాం. మాలో చాలామంది పొద్దున 40 మీటర్ల మీద కబుర్లు చెప్పుకుంటారు, సాయంత్రం 20 మీటర్ల మీద విదేశాలు వెతుకుతారు, చేతిలో పట్టుకునే సెట్లతో 2 మీటర్ల మీద ఊళ్లో మాట్లాడుకుంటారు. 160 మీటర్ల జోలికి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. అప్పట్లో మనకు అక్కడ ఇచ్చిన జాగా 1820 నుంచి 1860 కిలోహెర్ట్జ్ దాకా. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది కదా, ఆ మీడియం వేవ్ పట్టీ అయిపోయిన చోటికి కొద్దిగా పైన అన్నమాట. నడవడి కూడా మీడియం వేవ్‌దే. పాత రేడియోలో పగలంతా విజయవాడ ఒక్కటే పలికి, చీకటి పడ్డాక ఎక్కడెక్కడి స్టేషన్లో ఒకదాని మీద ఒకటి వచ్చి పడటం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పగటి ఎండకు భూమికి 60, 90 కిలోమీటర్ల మధ్య ఎత్తులో ఒక పొర తయారై ఈ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గూకాక అది కరిగిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకెళ్లి, పైపొర నుంచి తిరిగి భూమికి దిగుతుంది.

2020లో లాక్‌డౌన్ వచ్చి హైదరాబాద్ నుంచి మా ఊరు చెవిటికల్లు తిరిగొచ్చినప్పుడు నాకు కనిపించింది ఒక్కటే: జాగా. 160 మీటర్లకు సగం తరంగమంత తీగ కట్టాలంటే దాదాపు 78 మీటర్లు కావాలి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మేడ మీద అది కుదిరే పని కాదు. ఇక్కడ మా చేను ఉంది, గట్టు మీద తాటిచెట్లున్నాయి, కృష్ణ ఒడ్డుదాకా అడ్డం లేని ఆకాశం ఉంది. ఇంత జాగా ఉన్నవాడికి ఏ బ్యాండైనా లొంగుతుందనుకున్నాను.

మొదట చేసిన పొరపాట్లు పుస్తకం చదివితే తప్పేవి. మే నెలలో మొదలుపెట్టాను. వేసవి ఉరుముల కాలంలో ఆ బ్యాండంతా పెళపెళలే. రెండు తాటిచెట్ల మధ్య తీగను 10 మీటర్ల ఎత్తున కట్టాను. 160 మీటర్ల తరంగానికి అది నేల మీద పరిచినట్టే లెక్క. శక్తిలో చాలా భాగం మట్టిలోకి పోతుంది, మిగిలింది నిటారుగా పైకి పోతుంది, దూరదేశానికి పోయేది దాదాపు ఏమీ ఉండదు. వానాకాలమంతా చదివి తలకిందుల ఎల్ ఆకారంలో ఇంకో ఏరియల్ కట్టాను: కొంత తీగ నిలువుగా, మిగతాది అడ్డంగా. దాని మొదట్లో నేల మీద చుట్టూ తీగలు పరవాలి. నందిగామలో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో కాలిన మోటార్ల రాగితీగ కిలోల లెక్కన కొన్నాను. ఆ తీగలు పరిచినన్నాళ్లూ మా అమ్మ ఆ గట్టువైపు గేదెల్ని తోలలేదు. నల్లరేగడిలో తడి ఉన్నన్నాళ్లు ఆ ఏరియల్ బాగా పనిచేసింది. ఇప్పటికీ చేస్తోంది. నా తెలివితక్కువతనం ఏరియల్ దగ్గర లేదు.

నవంబర్‌లో బ్యాండు తెరుచుకుంది. రాత్రి సీక్యూ కొట్టేవాణ్ణి. సీక్యూ అంటే ఎవరైనా ఉన్నారా అని మోర్స్‌లో పిలవడం. ప్రపంచమంతటా కొందరు హామ్‌లు తమ రిసీవర్లను కంప్యూటర్లకు కలిపి, ఎవరి మోర్స్ ఎక్కడ వినపడిందో వెంటనే నమోదయ్యే ఏర్పాటు చేశారు. అందులో నా కాల్‌సైన్ జపాన్‌లో, రష్యాలో, కొన్ని రాత్రులు జర్మనీలో కూడా కనిపించింది. మా చేలోంచి బయల్దేరిన చుక్కలూ గీతలూ అక్కడ దిగాయి! ఆ సంతోషంలో నాకు ఇంకేమీ పట్టలేదు. ఎవరూ పలకడం లేదేమిటన్నది మాత్రం బాధ. మన దేశపు స్టేషన్ అంటే లెక్కలేదేమోనని మనసులో కోపం కూడా పెట్టుకున్నాను. ఆ కోపాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే నిజం దానికి పూర్తిగా తిరగబడి ఉంది. హామ్‌లు ప్రపంచాన్ని 40 జోన్లుగా పంచుకున్నారు. మనమూ శ్రీలంకా నేపాలూ బంగ్లాదేశూ ఉన్న 22వ జోన్ ఈ బ్యాండు మీద దొరకడం కష్టం. దానికోసం ఏళ్ల తరబడి కాచుకునేవాళ్లున్నారు.

నేను వెతికిన మందు శక్తి. నా సెట్టుకున్న 100 వాట్లు చాలవని లైసెన్సు ఒప్పుకునే హద్దుదాకా, 400 వాట్లకు పెంచే లీనియర్ యాంప్లిఫయర్ కొన్నాను. డబ్బు చాలక 2 మీటర్ల చేతి సెట్టు అమ్మేశాను. శక్తి 4 రెట్లు పెంచితే అవతలివాడి మీటరు మీద పెరిగేది ఒక్క గీత. ఆ లెక్క పరీక్షలో నేనే రాశాను. అవతలివాళ్లకు నేను ముందే వినపడుతున్నానని కళ్ల ముందు రుజువు ఉంది. అయినా నోరే పెంచాను. ఇలా పిలుపు ఖండాలు దాటి, చెవికి మాత్రం ఏదీ అందని స్టేషన్‌ను హామ్‌లు మొసలి అంటారు. ఆ చలికాలం ఆ మొసలిని నేనే.

నా చెవిలో ఏముంది? ఎడతెగని గరగర. అదీ నాకు తెలుసు. దానికి కారణం మా చేను పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ అని నిర్ణయించేశాను. నా దగ్గర రుజువు కూడా ఉందనుకున్నాను: కరెంటు పోయినప్పుడు సెట్టు బ్యాటరీ మీద నడుస్తుంది, అప్పుడు గరగర మాయం. కాబట్టి తప్పు లైనుది! కరెంటు పోతే మా ఇంట్లో వస్తువులు కూడా ఆగిపోతాయన్నది నా బుర్రకు తట్టలేదు. లైన్‌మన్‌ని పట్టుకుని వదల్లేదు. నేను చదువుకున్నవాణ్ణని, రేడియో తెలిసినవాణ్ణని నమ్మి, ఆయన ఎండలో స్తంభమెక్కి పింగాణీలు తుడిచాడు, వదులైన కట్లు బిగించాడు. గరగర తగ్గలేదు. "ఇంకేం చెయ్యాలో చెప్పండి సార్" అని ఆయన కింద నిలబడి అడిగిన తీరు నాకు గుర్తుంది. నాకన్నా పెద్దవాడు. నా ఇంట్లో ఒక్క స్విచ్చి తిప్పి చూడకుండా ఆయన్ని స్తంభమెక్కించాను.

సంక్రాంతి రోజుల్లో ఫోనొచ్చింది. నాకు మోర్స్ నేర్పిన పెద్దాయన, పల్నాడు వైపు ఉంటారు, ఇళ్లకు దూరంగా తోటలో సెట్టు పెట్టుకున్నారు.

"ఏమయ్యా, రాత్రి 1822 మీద ఉన్నావా?"

"ఉన్నానండి మాస్టారూ. ఎవరూ పలకలేదు."

"పలకలేదా? జపాన్ ఆయన ఒకాయన చాలాసేపు నీ కాల్‌సైన్ పట్టుకుని పిలిచాడు. నాకిక్కడ గంట కొట్టినట్టు వినపడింది. ఆయన పిలుస్తుంటే నువ్వు ఆయన మీదే మళ్లీ సీక్యూ కొడుతున్నావు. మొదట నీకేదో అవసరం వచ్చి లేచావనుకున్నా. తర్వాత ఉక్రెయిన్ ఆయనకీ అదే చేశావు."

నాకు నోట మాట రాలేదు. ఆయన తిట్టలేదు. "ముందు మీ ఇంటి మెయిన్ ఆపి విను" అన్నారు, అంతే.

వీధి దీపం వెలుగుతుండగా, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుండగా, మా ఇంటి మెయిన్ మాత్రం దించాను. గరగరలో చాలావాటా అక్కడే పోయింది. వెతికితే పశువుల పాకలో నేనే తెచ్చి బిగించిన చవక ఎల్ఈడీ ట్యూబులైటు, నా లాప్‌టాప్ ఛార్జరు. ఇలాంటివాటి లోపల కరెంటును సెకనుకు వేలసార్లు కోసి కోసి చిన్నది చేసే సర్క్యూట్ ఉంటుంది. సరైన ఫిల్టరు లేకపోతే ఆ కోతల చప్పుడు ఇంటి వైర్లనే ఏరియల్‌గా చేసుకుని ఊరంతా పాకుతుంది. మర్నాడే వెళ్లి లైన్‌మన్‌కు సంగతి చెప్పి క్షమించమన్నాను. "దొరికింది కదా సార్, అదే చాలు" అన్నాడు.

మిగిలిన గరగర ఊరిది, దానికి మందు వేరే ఉంది. పిలవడానికి ఒక ఏరియల్, వినడానికి ఇంకొకటి. ఇది కొత్త తెలివేం కాదు. 1921 డిసెంబర్‌లో అమెరికా హామ్‌ల సంకేతాలు అట్లాంటిక్ దాటుతాయేమో చూడటానికి పాల్ గాడ్లే అనే ఆయన స్కాట్లాండ్‌లోని ఆర్డ్రోసన్ వచ్చి, సముద్రపు గాలికి చలిలో డేరా వేసుకుని, పొలంలో పొడుగాటి తీగ లాగి విన్నాడు. బెవరేజ్ అనే ఇంజనీరు కనిపెట్టిన తీగ అది. అప్పటి రేడియో తరంగాల పొడవు 200 మీటర్ల చుట్టుపక్కల. ఎవరూ పట్టించుకోని బ్యాండని నేననుకున్నది మా విద్య పుట్టిన చోటుకు పక్కిల్లు. సముద్రం దాటించిన ఆ ప్రయత్నంలో గాడ్లే ఓడలో మోసుకెళ్లింది వినే సామానే. ఇదంతా నేను లీనియర్ కొనకముందే చదివాను. చదివి, గొప్పవాడు అనుకుని, పేజీ తిప్పేశాను.

బెవరేజ్ తీగ మనిషెత్తుకు కొంచెం పైన, వినాల్సిన దిక్కుకేసి తిన్నగా లాగాలి. చివర ఒక రెసిస్టరు పెట్టి భూమికి కలపాలి. ఆ దిక్కునుంచి వచ్చే సంకేతం తీగ వెంట నడుస్తూ పోగవుతుంది. పక్కలనుంచీ వెనకనుంచీ వచ్చే చప్పుడు చాలావరకు తనలో తనే చెల్లిపోతుంది. మా ఊరికి యూరప్, జగ్గయ్యపేట ఒకే దిక్కు, వాయవ్యం. అటు 160 మీటర్లు లాగాలంటే మా చేను చాలదు, పక్క చేల్లోకి వెళ్లాలి. సుబాబుల్ కర్రలు మోసుకెళ్తుంటే పక్క చేను పెదనాన్న ఆపాడు.

"ఏంట్రా అబ్బాయ్, పందులకి కరెంటు పెడుతున్నావా? మనుషులు పోతారు."

"కరెంటు కాదు పెదనాన్నా, ఉత్త తీగే. వినడానికి."

"ఏం వింటావురా చేలో తీగతో?"

"దూరదేశం వాళ్లు పిలుస్తుంటే నాకు వినపడటం లేదు."

కాసేపు చూసి, "సరే, పత్తి ఆఖరి తీత అయ్యాక లాక్కో. బండ్ల బాట మీద మాత్రం ఎత్తుగా కట్టు. దుక్కికి ముందే తీసెయ్యి, రోటవేటర్‌కి చుట్టుకుంటే నీ తీగా పోద్ది, నా బ్లేళ్లూ పోతాయ్" అన్నాడు.

మొదటి రాత్రి తీగ తెగిపోయిందేమో అనుకున్నాను. మీటరు ముల్లు కదల్లేదు. సెట్టు గొంతు పెంచాను, ఇంకా పెంచాను. చప్పుడు లేని చోట, సన్నగా, చుక్కా గీతా విడివిడిగా, ఇటలీ స్టేషన్ ఒకటి ఎవరితోనో మాట్లాడుతోంది. ముల్లు కదలకపోయినా ప్రతి అక్షరమూ తెలుస్తోంది. ఎన్ని నెలలు ఆ ముల్లు చూసి మురిశానో, అది చూపించింది మా పాకలోని ట్యూబులైటు బలాన్ని.

తర్వాత ఆ ఉక్రెయిన్ ఆయన నుంచి కార్డు వచ్చింది. మేము మాట్లాడుకున్నట్టు రాసి, ధ్రువీకరించమని అడిగాడు. పాపం, నేను వేరెవరికోసమో ఆగిన ఒక క్షణాన్ని తనకిచ్చిన జవాబనుకున్నాడు. సంతకం చేసి పంపితే ఆయనకు 22వ జోన్ దొరికినట్టే. కానీ ఇద్దరూ ఒకరి కాల్‌సైన్ ఒకరు విని, రిపోర్టు ఇచ్చిపుచ్చుకుంటేనే అది సంభాషణ. నేను ఆయన్ని వినలేదు. ఉన్నదున్నట్టు రాశాను: మీరు పిలిచారు, నాకు చెవుల్లేవు, క్షమించండి, ఇప్పుడు వినగలను, మా సూర్యోదయానికి అరగంట ముందు వస్తారా? తెల్లవారుజామున పొద్దు పొడిచే గీత వెంట ఈ బ్యాండు కాసేపు పుంజుకుంటుంది. ఆయన వచ్చాడు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. ఆఖర్న ఆయన మోర్స్‌లో కొట్టింది ఒకే మాట, థాంక్స్. ఆ మాట నేను చెప్పాల్సింది.

అమ్మేసిన చేతి సెట్టు సంగతి ఇంకా మిగిలింది. 2021 ఆగస్టులో కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయింది. అదే నెలలో కృష్ణకు వరదొచ్చి మా ఊరి ఇసుక రీచ్‌లో వందకు పైగా లారీలు నీళ్లలో చిక్కుకున్నాయి. డ్రైవర్లను పడవల్లో ఒడ్డుకు చేర్చారు. ఫోన్లు పనిచేశాయి కాబట్టి సరిపోయింది. వరదొస్తే నా రేడియో ఉందిగా అని ఊళ్లో చెప్పుకు తిరిగినవాణ్ణి నేను. ఆ రోజు ఒడ్డున నిలబడితే నా దగ్గర ఫిన్లాండ్‌కు వినపడే యంత్రం ఉంది, ఏటి మధ్యకు వినపడేది లేదు. లీనియర్ అమ్మి మళ్లీ చేతి సెట్టు కొన్నాను. 100 వాట్లతోనే ఉన్నాను, చాలుతున్నాయి.

జపాన్ ఆయన ఎవరో మాత్రం తెలియలేదు. మాస్టారు ఆ రాత్రి కాల్‌సైన్ రాసిపెట్టుకోలేదు. అటు వినాలంటే ఈశాన్యానికి ఇంకో తీగ కావాలి. అది డొంక దాటి మిరప చేలోకి వెళ్తుంది, వాళ్లింకా ఒప్పుకోలేదు. ఆఖరి కోత అయ్యాక పెదనాన్న వచ్చి చెబుతానన్నాడు.