క్లైన్ లోయ బాట ఆత్మకథ

వేల్స్ దక్షిణ తీరాన, స్వాన్సీ నగరం పడమటి అంచున గవర్టన్ నుంచి బ్లాక్‌పిల్ సముద్రతీరం దాకా సాగే సైకిల్ బాట చెబుతున్న కథ ఇది. తనను తాను ‘ఈ బాట’ అనే చెప్పుకుంటుంది.

ఈ బాట పుట్టుకతో సైకిళ్లది కాదు. 1860ల్లో రైలు కోసం పోసిన కట్ట. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. ఎత్తు నిటారుగా ఉంటే బరువు లాగే ఇంజను చక్రాలు జారిపోతాయి. అందుకని ఆనాటి కూలీలు గుట్ట వచ్చినచోట తవ్వారు, పల్లం వచ్చినచోట మట్టి పోశారు, మలుపులను పొడుగ్గా సాగదీశారు. ఆవిరి ఇంజను కోసం వాళ్లు పడిన కష్టమే ఇవాళ ఆరేళ్ల పిల్లల మోకాళ్లకు సుఖమైంది. 1964లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. తర్వాత పట్టాలు పోయినా కట్ట మిగిలింది. లండన్ నుంచి ఫిష్‌గార్డ్ దాకా పోయే 4వ నంబరు జాతీయ సైకిల్ మార్గంలో ఇప్పుడు ఈ బాట ఒక భాగం.

గవర్టన్ నుంచి డన్వెంట్ వైపు కొద్దిపాటి ఎత్తు ఉంటుంది. కిలేలో పాత స్టేషన్ పక్కనున్న పబ్బు పేరు నేటికీ రైల్వే ఇన్. అది దాటితే సముద్రం దాకా వాలే, తొక్కే పని కూడా తక్కువ. ఒకప్పుడు ఈ లోయలో బొగ్గు తవ్వారు, ఇటుకలు కాల్చారు. ఆ గుంటలన్నిటినీ అడవి కప్పేసింది. నేడు బాటకు తోడు క్లైన్ ఏరు చప్పుడే. మోటారు బండ్లు రావు గానీ నడిచేవాళ్లుంటారు, గంట కొట్టాలి. చివర కార్లు తిరిగే మంబుల్స్ రోడ్డు అడ్డొస్తుంది. అక్కడ పిల్లలను దింపి నడిపించడమే మేలు.

రోడ్డు అవతల, తీరం వెంట సాగే దారిని ఈ బాట అక్కగా చెప్పుకుంటుంది. 1807లోనే అక్కడ గుర్రాలు లాగే పెట్టెల్లో టికెట్టు కొన్న ప్రయాణికులు తిరిగారు. అలాంటి రైలు ప్రపంచంలో అదే మొదటిది. 1960లో అది మూతపడింది.

ఇక్కడి పోటు, పాటుల మధ్య తేడా చాలా ఎక్కువ. పాటు వేళ నీళ్లు బాగా వెనక్కి తగ్గి, తడి ఇసుక, దాని మీద పరుగెత్తే ఉల్లంకి పిట్టలే కనిపిస్తాయి. కాబట్టి పోటు వేళ చూసుకుని బయలుదేరాలి. వేళ తప్పినా, వేసవి అయితే ఒడ్డునే బ్లాక్‌పిల్ లిడో ఉంది. లోతు లేని ఆ కొలనులో పిల్లలు కాళ్లు తడుపుకోవచ్చు.