గండికోట చూసిన మరచెంబు

నేను పుట్టింది అజ్జరంలో. తణుకు దగ్గర, ఇత్తడి సామాను పనికి పేరుపడ్డ ఊరది. రాగీ తుత్తునాగమూ కలిపి కరిగించి నాకో పొట్ట చేశారు, మెడకి మర తీశారు, ఆ మరకి బిగిసేలా గ్లాసులాంటి మూత పెట్టారు, మోయడానికో పిడి తగిలించారు. మూత బిగిస్తే బోర్లా పడేసినా చుక్క కారదు. తీస్తే అదే తాగే గ్లాసు. ఈ కాలపు సీసాల్లో ఇంత తెలివి ఉందా అని అడగబోయి ఊరుకుంటున్నాను. ముసలివాళ్ల ఈ ప్రశ్న వినీ వినీ పిల్లలు విసిగిపోయారు.

నాయనమ్మ సారె సామానుతో అత్తారింటికి వెళ్లాను. ఆవిడతో కాశీ వెళ్లాను, పుష్కరాలకి వెళ్లాను, చివరికి కొడుకు వెంట చిక్కడపల్లి వచ్చాను. ఆ కొడుకు ఆఫీసు బషీర్‌బాగ్‌లో. మా ఫ్లాట్ సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర. పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే పుస్తకాలు మోసుకుంటూ వెళ్లడం అటక మీది కిటికీలోంచి కనిపించేది. త్యాగరాయ గానసభలో మంచి కచేరీ ఉంటే నాయనమ్మ నన్ను చేతిసంచిలో పెట్టుకునేది. అంతకుమించి నాకు బయటి గాలి లేదు.

బషీర్‌బాగ్ ఆఫీసులో ఎవరో ఫోన్లో గండికోట ఫోటోలు చూపించారట. క్రిస్మస్ సెలవులకి అందరం వెళ్దామన్నాడు కొడుకు. అందరం అంటే అతను, భార్య, రెండో తరగతి చదివే చిన్నది, డెబ్బై దాటిన నాయనమ్మ. "అమ్మా, అక్కడ రాళ్ల మీద నడవాలి, నువ్వు ఉండగలవా?" అన్నాడు. "తిరుపతి కొండ మెట్లెక్కిన కాళ్లురా ఇవి," అంది ఆవిడ. ఆ మెట్లెక్కినప్పుడు నేనూ వెంట ఉన్నాను. నలభై ఏళ్ల నాటి మాట అది.

కోడలు నా బరువు చూసి, "అత్తయ్యా, రెండు నీళ్ల సీసాలు కొనుక్కుంటే పోదా?" అంది. "సీసాలో నీళ్లు ఎండకి కాగుతాయమ్మాయ్. దీనికి తడిగుడ్డ చుట్టు, చల్లగా ఉంటాయి," అంది నాయనమ్మ. అయితే నా లోపలి కళాయి అరిగిపోయి అక్కడక్కడా పచ్చగా చిలుము కనిపిస్తోంది. నారాయణగూడ మార్కెట్ వైపు వెతగ్గా వెతగ్గా ఒక కళాయి సాయిబు దొరికాడు. నన్ను బొగ్గుల మీద కాల్చి, నవాసాగరం చల్లాడు. తెల్లటి పొగ గుప్పున లేచింది. తగరం బద్దని లోపల రాస్తే కరిగి జారింది. దాన్ని దూదితో చకచకా గుండ్రంగా తుడిచేసరికి నా కడుపంతా వెండిలా అయిపోయింది. పని అయిదు నిమిషాలు. దాని ధర గురించి నాయనమ్మతో బేరం అంతకంటే చాలాసేపు.

కాచిగూడలో రాత్రి బండెక్కి తెల్లారేసరికి యర్రగుంట్లలో దిగాం. అక్కడి నుంచి జమ్మలమడుగు. ఎర్రకారం పూసిన దోశ తిని చిన్నది కళ్లనీళ్లు పెట్టుకుంది, ఇంకోటి కావాలంది. జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. దారిలో మజ్జిగ అమ్మే ఒకావిడ నన్ను చూసి నవ్వి, "మంచి పని చేసినారు మా. ఎండెక్కితే ముందర యాడా నీళ్లు దొరకవు," అంది. నేను కోడలి ముఖం చూశాను. ఆవిడ అటు తిరిగి కొండ చూస్తోంది.

కోట పెద్దది. చుట్టుగోడ ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుందంటారు. ఒక వైపు మాత్రం గోడ పని పెన్న నదే చేస్తోంది. ఇనుప ముళ్లు దిగ్గొట్టిన పెద్ద తలుపుల్లోంచి, మెలికలు తిరిగిన గుమ్మాల్లోంచి లోపలికి వెళ్తే ఇంకా మనుషులు కాపురముంటున్న ఊరు తగులుతుంది. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, జైలు, కోనేళ్లు, అన్నీ నడిచి చూడగలిగినంత దూరంలోనే ఉన్నాయి. డిసెంబరు కాబట్టి నడిచాం. ఏప్రిల్లో ఆ బండల మీద చిన్నపిల్లల్ని నడిపించడం ఎవరికీ మంచిది కాదు.

కుటుంబంతో నడవడం గురించి నాకు తెలిసింది ఒకటుంది. నాయనమ్మ అలిసిపోయానని అనదు. చిన్నది కాళ్లు నొప్పులని ఏడుస్తుంది కానీ ఆగమంటే ఆగదు. కొడుకు ఫోటోల కోసం ముందుకి పోతాడు, కోడలు అత్తగారి కోసం వెనకబడుతుంది. ఆ నలుగురినీ ఒకచోట నిలబెట్టేది దాహమే. "కాస్త నీళ్లియ్యమ్మా," అని నాయనమ్మ అంటే దానర్థం మోకాలు పట్టేసిందని. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆవిడ ఏదో ఒక అరుగు మీద కూర్చుంటుంది, నా మూత విప్పుతారు, గ్లాసు చేతులు మారుతుంది. ఆ ఆగిన చోటల్లా ఏదో ఒకటి కనిపించింది. ధాన్యాగారం నీడలో కూర్చున్నప్పుడు పైకప్పు వంపు ఎంత ఎత్తో గమనించారు. మసీదు కమానులో కూర్చున్నప్పుడు ఎదురుగా గుడి గోపురం ఒక చట్రంలో పెట్టినట్టు కనపడి కొడుకు ఫోన్ తీశాడు. ఆగకుండా పోయి ఉంటే ఆ రెంటినీ దాటేసేవారు.

మాధవరాయస్వామి గుడి మండపంలో ఆగినప్పుడు కొడుకు తాను చదివిన ఒక సంగతి చెప్పాడు. విన్న నాకు మూత బిగుసుకుపోయింది. ఈ కోటని పెమ్మసాని నాయకులు విజయనగర రాజుల కాలం నుంచి ఏలారు. 1650 ప్రాంతంలో మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఆయన గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా మంత్రీ సేనానీ, అంటే మా హైదరాబాదు వైపు నుంచి వెళ్లినవాడే. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ఆయన్ని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. చూసినదీ విన్నదీ తన యాత్రా గ్రంథంలో రాసి పెట్టాడు. మీర్ జుమ్లా ఫిరంగులు పోయించాలని గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ తెప్పించాడట. పోతపని మయ్యే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడట. ఆ మయ్యే చాలా విగ్రహాలు కరిగించాడు గానీ గండికోట గుడివి కొన్ని ఎంత మంటపెట్టినా కరగలేదని, చివరికి అతను ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా పోయలేక కొలువు వదిలేశాడని ఉంది అందులో.

"ఎందుకు కరగలేదు?" అంది చిన్నది. "స్వామి మహిమ," అంది నాయనమ్మ. "కొలిమి వేడి చాలలేదేమో," అన్నాడు కొడుకు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. కరిగిన జాతి నాది. అజ్జరంలో నన్ను చేసిన రాగిలో పాత బిందెలు, పగిలిన గంటలు ఎన్ని కలిశాయో నాకే తెలియదు. ఇత్తడికి పూర్వజన్మలు ఉంటాయన్నది నమ్మకం కాదు, వ్యాపారం. ఫిరంగి కావడం కంటే చెంబు కావడం మేలని మాత్రం ఆ మండపంలో గట్టిగా అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక లోయ అంచుకి వెళ్లాం. ఇక్కడ జాగ్రత్త అవసరం. మేం నిలబడ్డ చోట కమ్మీలు లేవు, కంచె లేదు. పెద్ద పెద్ద ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి, వాటి మధ్య సందులు. కోడలు చిన్నదాని మణికట్టు పట్టుకుంది, వేళ్లు కాదు, మణికట్టు. ఫోటో కోసం అంచున కూర్చోమన్న కొడుకుని నాయనమ్మ ఒక్క చూపు చూసింది, అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అడుగున పెన్న దాదాపు 300 అడుగుల లోతున ఆకుపచ్చగా మెలిక తిరుగుతోంది. కిందికి దిగే కుర్రాళ్లు కనిపించారు. మా గుంపుతో ఆ పని పెట్టుకోలేదు.

ఈ బండలు సముద్రపు ఇసుక గట్టిపడి అయినవి. కడప రాతి పొరల్లో వీటికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే ఉంది. వయసు చెప్పాలంటే కోట్ల సంవత్సరాల్లోనే చెప్పాలి. ఒక పలక మీద చిన్నది వేళ్లు పెట్టి, "నాన్నా, ఇక్కడ నీళ్లు నడిచినట్టుంది," అంది. నిజమే, ఇసుక మీద అలలు వదిలే చారలు రాతిలో అలాగే నిలిచిపోయాయి. చేప కూడా పుట్టని కాలంలో ఎప్పుడో ఒక అల అక్కడిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ చారల మీదే నన్ను పెట్టి మూత తిప్పారు.

నా లోపల ఉన్నవి చిక్కడపల్లి కుళాయి నీళ్లు. నాగార్జునసాగర్ వైపు నుంచి పంపు చేసి నగరానికి తెచ్చే కృష్ణ నీళ్లని కొడుకు అంటాడు. ఎదురుగా ఉన్నది నంది కొండల్లో పుట్టి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్న. కానీ కోట పక్కనే కట్టిన గండికోట జలాశయానికి నీళ్లు ఎక్కడివి? గాలేరు-నగరి పథకంలో శ్రీశైలం వెనక జలాలని పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లించి, గోరకల్లు, అవుకు మీదుగా, కొండలో తవ్విన సొరంగంలోంచి ఇక్కడికి తెచ్చారు. అంటే శ్రీశైలం దగ్గర ఒకే నీళ్లు. కొన్ని ఆనకట్ట దాటి సాగర్‌కి వెళ్లి, అక్కడి నుంచి పైపుల్లో హైదరాబాదెక్కి, నా కడుపులో రైలెక్కి వచ్చాయి. కొన్ని కాలవ పట్టి ముందే వచ్చేశాయి. రాతి అంచున ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కొడుకు ఇదంతా చెబితే విని నాయనమ్మ, గ్లాసులో అడుగున మిగిలిన గుక్కెడు లోయలోకి విదిలించింది. "కలుసుకోనీ పాపం," అంది.

ఆ జలాశయం 26.85 టీఎంసీలది. కరువు సీమకి అది ఎంత అవసరమో మజ్జిగావిడని అడిగితే చెబుతుంది. అయితే దాని కింద ఊళ్లు పోయాయి. కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి లేచిపోవలసి వచ్చింది. బాగుందని ఫోటో తీసుకునేటప్పుడు ఆ నీళ్లలో ఎవరి వాకిళ్లు ఉన్నాయో కూడా ఒకసారి తలుచుకోవాలని నాకనిపించింది. వాకిట్లో ఉండవలసిన వస్తువుని కదా.

మర్నాడు బెలూం గుహలు. సున్నపురాతిని నీళ్లు తొలిచి చేసిన దారులవి, 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర నడవనిస్తారు. లోపల ఉక్క. నాయనమ్మ గుహల్లోని పాతాళగంగ దాకా రానని పైనే కూర్చుంది, నేనూ ఆవిడతోనే ఉన్నాను కాబట్టి అంతకుమించి చెప్పలేను.

ఆ సాయంత్రం తాడిపత్రి. గండికోట పెమ్మసానివాళ్లే ఇక్కడ రెండు గుళ్లు కట్టించారు. చింతల వెంకటరమణస్వామి గుడిలో హంపీ తరహాలో రాతిరథం ఉంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలో గోపురాలు పూర్తికాకుండానే నిలిచిపోయాయి. కానీ ఉన్నంతమేర చెక్కడం ఎంత సన్నమంటే, కోడలు ఒక స్తంభం దగ్గర నిలబడి లతల మధ్య చిలకల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. ఈ గుళ్లో లింగం దగ్గర ఊట ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. నాయనమ్మ నన్ను చాచి, "పంతులుగారూ, ఇందులో కాస్త పోయండి," అంది. ఆయన ఉద్ధరిణితో మొదలుపెట్టాడు. వెనక వరస కదలడం లేదు. "అమ్మా, చాలు," అని కొడుకు గొణుగుతున్నాడు. పంతులుగారు నా పొట్ట వైపు, తన ఉద్ధరిణి వైపు చూసి, లోపలికి వెళ్లి చెంబు తెచ్చాడు.

స్టేషన్లో బండి ఆలస్యం. చిన్నదానికి దాహం. కోడలు సీసా కొనడానికి లేవబోతే చిన్నది అప్పటికే నా మూత విప్పేసింది. "నాయనమ్మా, ఇందులో ఇంకా కృష్ణ నీళ్లు ఉన్నాయా, మొత్తం పెన్నేనా?"

"తాగి నువ్వే చెప్పు."

తాగింది. నాలుక చప్పరించి, మొహం వంకరగా పెట్టి, "ఏదో వాసనొస్తోంది," అంది.

అది ఏ నదిదీ కాదు. కొత్త కళాయిది, నాది.