పూటకో జబ్బు దొరగారు

1890 ప్రాంతపు లండన్‌లో దొరగారిని వెతికి పట్టుకోవడం కష్టం కాదు. పొద్దున్నే క్లాపం నుంచి సిటీ వైపు వెళ్లే గుర్రపు బస్సు ఎక్కండి. నల్లకోటు, పొడుగు టోపీ, మోకాళ్ల మధ్య గొడుగు, చేతిలో పత్రిక. ఇంతవరకూ బస్సులో మగవాళ్లందరూ ఒకటే. పత్రిక చదువుతూ మధ్యమధ్య కుడి డొక్క నొక్కి చూసుకుంటున్న పెద్దమనిషి ఒకరు కనిపిస్తారు. ఆయనే మన దొరగారు. ఓ బ్యాంకులో గుమాస్తా. ఆ రోజుల్లో లండన్ పత్రికలు చాలావాటికి మొదటి పేజీ నిండా ప్రకటనలే ఉండేవి. పార్లమెంటు, ఐర్లండు గొడవలు లోపలెక్కడో ఉండేవి. అంతదూరం వెళ్లే ఓపిక దొరగారికి లేదు. ఓపిక లేదన్న సంగతి కూడా ఆయనకు ప్రకటనలు చెప్పినదే.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆయన నిక్షేపంగా ఉన్నారు. బస్సు నాలుగు వీధులు దాటేసరికి బీచమ్ మాత్రల ప్రకటన కంటబడింది. ఆ మాత్ర ఏయే బాధలకు పనిచేస్తుందో పెద్ద జాబితా: తలతిప్పడం, మగత, ఆకలి మందగించడం, ఆయాసం, కలత నిద్ర, పీడకలలు. వాటి మధ్యలో ఇంకొకటి, భోజనం చేశాక పొట్ట నిండినట్టుండడం. దొరగారు ఉలిక్కిపడ్డారు. పొద్దున రెండు గుడ్లు, పంది మాంసం, నాలుగు రొట్టెముక్కలు లాగించాక నిజంగానే పొట్ట నిండినట్టుంది. నిన్న రాత్రీ అంతే. ఆలోచిస్తే చిన్నప్పటి నుంచీ తిన్న ప్రతిసారీ ఇదే వరస. ఇంత మొండి జబ్బును ఇన్నేళ్లు మోస్తూ కూడా బతికున్నందుకు ఆయనకు తన మీద తనకే గౌరవం కలిగింది.

జెరోమ్ కె. జెరోమ్ అనే రచయిత 1889లో ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ నవలను ఇలాంటి మనిషితోనే మొదలుపెట్టాడు. అందులో కథ చెప్పేవాడు కాలేయం మాత్రల కరపత్రం చదివి, ఆ లక్షణాలన్నీ తనకున్నాయని తేల్చుకుంటాడు. దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దొరగారు మాత్రం ఆ పేజీలు రెండుసార్లు చదివి, "ఆ మాత్రల పేరేమిటో రాయలేదే!" అని రచయిత మీద విసుక్కున్నారు.

సాయంత్రం మందుల షాపులో ఆగి డబ్బీ కొన్నారు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న డబ్బీ. లోపల 56 మాత్రలు. ధర ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. షిల్లింగు కంపెనీది, పైనున్న ఒకటిన్నర పెన్నీ సర్కారు పన్ను. షిల్లింగు వరకూ ధరుండే ఇలాంటి ప్రతి మందు మీదా ఆ పన్ను కట్టి, దానికి గుర్తుగా స్టాంపు అతికించాలి. పన్ను వసూలుకు వేసిన స్టాంపు దొరగారి కంటికి రాణిగారి ఆశీర్వచనంలా కనిపించింది. "సర్కారు ముద్ర ఉన్న మందు చెడ్డదెలా అవుతుంది?" అన్నది ఆయన వాదన. మందులమ్మేవాళ్లు కూడా ఆ భ్రమను చెదరగొట్టే తెలివితక్కువ పని చెయ్యలేదు.

డబ్బీ ఒక్కోటీ గినీ విలువ చేస్తుందన్నది బీచమ్ కంపెనీ నినాదం. గినీ అంటే 21 షిల్లింగులు. దొరసానిగారు డబ్బీ చూసి అడిగారు:

"ఈ నెలలో ఇది ఎన్నోదండీ?"

"ఖర్చనుకోకు. ఇరవయ్యొక్క షిల్లింగుల సరుకు షిల్లింగు చిల్లరకు తెచ్చాను. డబ్బీకి ఇరవై షిల్లింగులు మిగిల్చినట్టు."

"అయితే ఆ మిగిలిన ఇరవైతో బొగ్గులు తెప్పించండి. పొయ్యిలోకి లేవు."

దొరగారు వెంటనే గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఇంట్లో డబ్బు మాట వచ్చినప్పుడల్లా ఆయనకు దడ వస్తుంది. ఆ దడకు వేరే మందుంది.

జబ్బులు ఆయనకు పిత్రార్జితం. తాతగారు మారిసన్ మాత్రల భక్తులు. జేమ్స్ మారిసన్ డాక్టరేమీ కాదు, వ్యాపారి. 1825లో మాత్రలు మొదలుపెట్టి, మూడేళ్లకు లండన్‌లో ‘బ్రిటిష్ కాలేజ్ ఆఫ్ హెల్త్’ అని బోర్డు కట్టాడు. లోకంలోని రోగాలన్నిటికీ మూలం చెడ్డ రక్తం, విరుగుడు తన మొక్కల మాత్ర. తగ్గకపోతే మరిన్ని మింగాలి. ఇంతే ఆయన వైద్యశాస్త్రం. ఆ మాత్రలు మింగినవాడి ఒంటి మీద కూరగాయలు మొలిచినట్టూ, తెగిపోయిన కాళ్లు తిరిగి మొలకెత్తినట్టూ వ్యంగ్య చిత్రకారులు బొమ్మలు వేసి అమ్మారు. తాతగారు ఆ బొమ్మలు చూసి, "చూశారా, రుజువులు కూడా వస్తున్నాయి!" అన్నారు. 1836లో ఆ మాత్రలు మోతాదు మీరి తిన్న ఒకాయన చనిపోతే, అమ్మినవాడికి కోర్టు 200 పౌన్లు జరిమానా వేసింది. తాతగారు అది చదివిన రోజే, షాపు ఎక్కడ మూసేస్తారోనని, పరుగున వెళ్లి డజను డబ్బీలు కొనుక్కొచ్చారు.

నాన్నగారిది పార్ మాత్రల కాలం. థామస్ పార్ అనే రైతు 152 ఏళ్లు బతికి 1635లో పోయాడని ఇంగ్లండులో ప్రతీతి. ఆయన్ను వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో పాతిపెట్టారు. అంతకాలం బతకడానికి కారణమైన మూలిక రహస్యం ఇదిగో దొరికిందంటూ రెండు శతాబ్దాల తరువాత మాత్రలు బజారులోకి వచ్చాయి. నాన్నగారు నమ్మకంగా మింగారు. యాభై రెండో ఏట పోయారు. "వందేళ్లు తేడా వచ్చిందంటే వచ్చింది. మధ్యలో ఓ పక్షం రోజులు మానేశారు మరి," అని దొరగారు ఇప్పటికీ నిట్టూరుస్తారు.

నాన్నగారి గది గోడకు హాలోవే మాత్రల ప్రకటన ఒకటి చట్రం కట్టించి ఉండేది. దొరగారు దాని ముందే పెరిగారు. థామస్ హాలోవే 1837లో వ్యాపారం మొదలుపెట్టి, ప్రకటనలకు అప్పుపడి జైలుకు కూడా వెళ్లాడు. బయటికొచ్చి చేసిన మొదటి పని, మళ్లీ ప్రకటనలివ్వడం. చివరి రోజుల్లో ఏటా 50,000 పౌన్లు ప్రకటనలకే పోశాడంటారు. మాత్రలు వాడే పద్ధతిని చైనా, టర్కీ, అరబ్బీ భాషలతో పాటు మన దేశభాషల్లో కూడా అచ్చువేయించాడు. ఆ చట్రంలోని ప్రకటనలో ఆల్డ్‌బరో ప్రభువుగారి ఉత్తరం ఉంది. కాలేయం, జీర్ణకోశం చెడి బాధపడుతుంటే ఎందరు వైద్యులు చూసినా నయం కాలేదనీ, ఈ మాత్రలు కుదిర్చాయనీ 1845లో ఇటలీ నుంచి రాసిన ఉత్తరం. ప్రభువులకూ తనకూ ఉమ్మడిగా ఉన్న ఆస్తి అజీర్ణం ఒక్కటేనని దొరగారికి ఆ వయసులోనే తెలిసిపోయింది.

అప్పటి నుంచీ ఆయన కోరిక ఒక్కటే: తన ఉత్తరం కూడా అచ్చులో చూసుకోవాలి. నలభయ్యో ఏట ఆ కోరిక తీరింది. తొమ్మిదేళ్ల నడుంనొప్పి, చేతులెత్తేసిన ముగ్గురు డాక్టర్లు, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన భార్య, నాలుగో డబ్బీతో లేచి పరుగెత్తిన తను. ఇదీ కథ. దొరసానిగారు చదివి, "నేనెప్పుడండీ సొమ్మసిల్లింది?" అన్నారు. ఉత్తరం ఓ మందుల కంపెనీ పంచాంగంలో అచ్చయింది. చిక్కు అక్కడే వచ్చిపడింది. నడుంనొప్పి పూర్తిగా పోయిందని లోకానికి చెప్పుకున్నాక ఇక నడుం పట్టుకుని కూర్చునే వీల్లేదు. ఆఫీసులో నలుగురూ చూస్తుంటారు. గత్యంతరం లేక దొరగారు మోకాళ్లనొప్పికి మారారు. మోకాళ్ల కోసం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కు వెళ్లి హార్నెస్ కంపెనీ ఎలక్ట్రోపతిక్ బెల్టు కొని నడుముకు చుట్టుకున్నారు. విద్యుత్తు ఒంట్లో పారుతోందని ప్రకటన చెప్పింది గనక పారుతున్నట్టే ఉండేది. కొన్నేళ్లకు కోర్టు కేసుల్లో పడి ఆ కంపెనీ మూతపడింది. దొరగారి ఒంట్లో విద్యుత్తు మాత్రం ఆ తరువాత కూడా కొన్నాళ్లు పారింది.

ఇంతకూ బీచమ్ మాత్రలో ఏముంది? 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి మందులు చాలావాటిని పరీక్ష చేయించి ‘సీక్రెట్ రెమెడీస్’ అని పుస్తకం వేసింది. బీచమ్ మాత్రలో బయటపడ్డవి మూడే: ముసాంబరం, శొంఠి, సబ్బు. కలబంద రసం ఎండబెట్టిన ముసాంబరం మన పచారీ కొట్లలోనూ దొరికేదే. 56 మాత్రలకూ సరుకు ఖరీదు అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. అమ్మింది పదమూడున్నర పెన్నీలకు. లెక్కేస్తే సరిగ్గా నూట ఎనిమిది రెట్లు. అష్టోత్తరమే! పేటెంటు మందులని పేరే గాని చాలావాటికి పేటెంటు లేదు. పేటెంటు కావాలంటే లోపల ఏముందో రాసివ్వాలి. శొంఠీ సబ్బూ అని రాసిస్తే గినీ ఎవరిస్తారు?

అలాగని దొరగారిని వట్టి అమాయకుడని కొట్టిపారెయ్యకండి. మాంసం దండిగా తిని, రోజంతా కుర్చీకి అతుక్కుపోయే మనిషికి ముసాంబరం నిజంగానే పనిచేస్తుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. పైగా డాక్టరు దగ్గరికి వెళితే ఫీజు తీసుకుని, నాలుక చాపమని, "ఏమీ లేదు, నడవండి" అని పంపేస్తాడు. ప్రకటన అలా కాదు. నిద్ర పడుతోందా, కలలొస్తున్నాయా, పొద్దున లేవబుద్ధవుతోందా అని ఆప్యాయంగా అడుగుతుంది. బ్యాంకులో మేనేజరు అడగడు, ఇంట్లో దొరసాని అడగదు. ఆయన్ను అన్నేళ్లలో కుశలమడిగింది ఆ మొదటి పేజీ ఒక్కటే. దొరగారు షిల్లింగు చిల్లర పెట్టి కొన్నది ఆ పలకరింపు. మాత్రలు కొసరు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. దొరగారి పసిబిడ్డ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. పళ్లొచ్చే బిడ్డ ఏడుస్తుంటే పట్టిన విన్‌స్లో సూతింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉంది. దగ్గుకు దొరసానిగారు తాగిన క్లోరోడైన్‌లో నల్లమందు సారం, క్లోరోఫాం, గంజాయి ఉన్నాయి. దాన్ని తయారుచేసిన కాలిస్ బ్రౌన్ మన దేశంలో సైన్యంలో డాక్టరుగా పనిచేసినవాడు. కలరాకు మందుగా పుట్టిన సీసా లండన్‌లో ఇంటింటి దగ్గు మందయింది. దగ్గు తగ్గేది, సీసా అలవాటు తగ్గేది కాదు. విషపదార్థాల అమ్మకాన్ని కట్టడి చేసిన 1868 చట్టం పేటెంటు మందుల జోలికి వెళ్లలేదు. బిడ్డ నిద్రపోతోందని ఇంట్లో అందరూ సంతోషించారు. కొందరు పిల్లలు లేవలేదు.

దొరగారి షిల్లింగులు ఎటుపోయాయంటే, కొన్ని మంచి చోటికే చేరాయి. హాలోవే సొమ్ముతో ఆడపిల్లలకు కట్టిన కాలేజీని 1886లో విక్టోరియా రాణి స్వయంగా ప్రారంభించింది. పార్ మాత్రల లాభంతో హెర్బర్ట్ ఇంగ్రామ్ 1842లో ‘ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పెట్టాడు. మందు సొమ్ముతో పత్రిక నడపడం మనకూ కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ సంపాదనతో 1908లో ఆంధ్రపత్రిక తెచ్చారు. పంతులుగారి మందు తలనొప్పి మందు, సర్వరోగ నివారిణి కాదు. తేడా అక్కడుంది.

బ్రిటన్‌లో ఈ పేటెంటు మందుల సంగతి తేల్చడానికి 1912లో పార్లమెంటు కమిటీ వేసింది. రెండేళ్లు సాక్ష్యాలు విని, ఉన్న చట్టం ఎందుకూ చాలదని నివేదిక రాసింది. అది వెలువడిన తేదీ 1914 ఆగస్టు 4. బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన రోజు. నివేదిక అటకెక్కింది. లోపల ఏముందో డబ్బీ మీద రాసి తీరాలన్న చట్టం 1941లో గాని రాలేదు. ఆ చట్టంతోనే పాత స్టాంపు పన్నూ పోయింది. చట్టం రాయించడం వరకే చెయ్యగలదు. డబ్బీ తిప్పి ఆ చిన్నక్షరాలు చదవడం కొనేవాళ్లు చెయ్యాల్సిన పని, చదవండి.