రసానికీ ఐసుకీ పడదు

ఉంగుటూరులో ఎండాకాలం ఏ కొట్లో ఫ్రిజ్ చల్లబడకపోయినా రోగం ఒకటే: "గ్యాస్ అయిపోయిందండీ." సోడా తాగేవాడూ అంటాడు, చిల్లరకొచ్చినవాడూ అంటాడు. వంటగ్యాస్‌లా అది మండి ఖర్చయ్యేది కాదనీ, గొట్టానికి చిల్లు పడితే తప్ప ఏళ్ల తరబడి అందులోనే తిరుగుతుందనీ సెంటర్లో చెప్పి చూడండి. పాపం, చదువుకున్నాడని జాలిపడతారు.

మా బావగారి కూల్‌డ్రింకుల కొట్లో అద్దాల ఫ్రిజ్‌కీ ఆ తీర్పే పడింది. నూజివీడు తోటల కాయ జోరుగా దిగుతున్న రోజులు. పొద్దున్నే సీసాలు చల్లగానే ఉంటాయి, పదకొండు దాటితే వెచ్చబడతాయి. గ్యాస్ పొద్దున ఉండి మధ్యాహ్నానికి ఎలా అయిపోతుందని అడిగాను.

"ఎండకి ఆవిరైపోద్ది" అన్నాడు అరుగు మీది పెద్దమనిషి.

మెకానిక్ కుర్రాడు వచ్చి ఫ్రిజ్ వెనక చెవి పెట్టాడు. గుయ్ఁమని మూలుగు, తర్వాత టక్. కొన్ని నిమిషాలకు మళ్లీ అదే. ఆ టక్ వినగానే గ్యాస్ సిలిండర్ బండి మీదే వదిలేశాడు. అక్కడే అతని మీద నాకు గురి కుదిరింది. మూలిగేది కంప్రెసర్ మోటారు, తిరగబోయి లేవలేకపోతోంది. అలా లేవలేని మోటారు మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అది కాలిపోకుండా ఓవర్‌లోడ్ టక్కున తెంపేస్తుంది.

ప్లగ్ పీకి, కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జి దించి, మీటరు తీశాడు. కంప్రెసర్‌కు మూడు పిన్నులు: కామన్, స్టార్ట్, రన్. కామన్ నుంచి మిగతా రెంటికీ వచ్చిన ఓములు కలిపితే స్టార్ట్‌కీ రన్‌కీ మధ్య వచ్చే అంకె రావాలి. వచ్చింది. బాడీకి షార్ట్ లేదు. రిలే, కెపాసిటర్ నిక్షేపంలా ఉన్నాయి.

"ఫ్రిజ్‌కేం జబ్బు లేదు బాబాయ్. దీనికి కరెంటు ఎక్కణ్ణించి ఇచ్చారు?"

బావగారు గోడకేసి చూశారు.

వైరు పట్టుకుని వెళితే గోనెసంచి కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు బయటపడింది. ఫ్రిజ్, జ్యూస్ మిక్సీ, దేవుడి పటం సీరియల్ బల్బులు, ఎవరివో ఫోన్లు, అందరిదీ ఉమ్మడి కాపురం. ఫ్రిజ్ ప్లగ్ పిన్ను ఒకటి నల్లగా మాడింది. 230 వోల్టులు ఉండాల్సిన చోట 210. మిక్సీ తిరుగుతుండగా కంప్రెసర్ అందుకోబోతే 165. అంటే ఎవరైనా మామిడి జ్యూస్ అడిగినప్పుడల్లా ఫ్రిజ్ చతికిలపడుతోంది. బేరం పెరిగేకొద్దీ చల్లదనం తరుగుతోంది!

కుర్రాడు కరెంటు మీటరు నుంచి లావు వైరుతో ఫ్రిజ్‌కి విడిగా లైను లాగి, 16 ఆంపుల సాకెట్టు బిగించి, ఎర్తు కూడా కలిపాడు. "ఇందులో ఇంకేం పెట్టకు బాబాయ్" అని ఒట్టేయించుకున్నాడు.

బావగారు ఒట్టు తప్పలేదు. అతను బండి స్టార్ట్ చేసేలోపు, ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఫ్రిజ్ ఖాళీ చేసిన చోట మాత్రం రెండో మిక్సీ పెట్టేశారు.