బుల్లి రివాల్వరు కొనండి, కాణిపాకంలో ప్రమాణం చేయండి

లైసెన్సు చేతికొచ్చిందా? అయితే అంగడికి పోయి, ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది అడగండి. .22 రివాల్వరు. అంగడాయన .32 తీసి ముందర పెడతాడు, 'అన్నా, దీని దెబ్బ గట్టిది' అంటాడు. ఆ మాటకు లొంగొద్దు. చిన్నదానికి దెబ్బ తక్కువ, గురి అంతంతమాత్రం, దూరం పోతే పనికిరాదు అని అందరూ చెప్పేదే. సరిగ్గా ఆ మూడు లోపాల కోసమే దాన్ని కొనమంటున్నాను.

చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏళ్లు వ్యాపారం చేశాను. వసూళ్ల డబ్బు నడుముకు చుట్టుకుని రాత్రిపూట స్కూటరు మీద ఇల్లు చేరే రోజుల్లో లైసెన్సు పెట్టుకున్నాను. కాన్పూరులో చేసే నిర్భీక్ రివాల్వరు .32 రకం, అర కిలో తూగుతుంది. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీవాళ్ల నిడర్ .22 రకం, పావుకిలో. మండీవాడికి పావుకిలో అంటే ఎంతో చేతికే తెలుసు, రైతు శాంపిలుకని ఇచ్చే బెల్లం ముక్కంత. చేతిలో అంతకు మించి బరువుంటే మనిషి నడక మారిపోతుంది. అట్లా మారినవాళ్లను చూశాను.

.22 తూటాను ఒకసారి వేళ్ల మధ్య పెట్టుకుని చూడండి. మొత్తం కలిపి అంగుళం పొడవు. ఇత్తడి గొట్టం, కొసన రెండున్నర గ్రాముల సీసం. అడుగున చుట్టూతా చిన్న అంచు ఉంటుంది. నిప్పు రాజేసే మందు ఆ అంచు లోపలే. సుత్తి వచ్చి అంచును నొక్కితే మందు అంటుకుంటుంది. పేలిన గొట్టం తీసి చూస్తే అంచున బియ్యపుగింజ నొక్కినట్టు గుంట కనిపిస్తుంది. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ తొలి రివాల్వరు నాటి నుంచీ ఇదే పద్ధతి. మందు అంచు పొడుగునా సమంగా పరుచుకోకపోతే ఒక్కోసారి టిక్కుమని ఆగిపోతుంది. పెద్ద తూటాల్లో ఇది అరుదు. అందరూ దీన్నీ లోపంగానే చెబుతారు. నాకు మాత్రం అది దేవుడు ఇచ్చిన ఇంకో అవకాశం. అట్లా ఆగిపోతే రివాల్వరు గొట్టాన్ని గురి వైపే ఉంచి అర నిమిషం కదలకండి. ఆలస్యంగా పేలేవి కూడా ఉంటాయి.

సాధన ఎక్కువ చేయొద్దు. రేంజిలో ఏడడుగుల దూరాన కాగితం పెట్టి ఐదుసార్లు కాల్చాను. పిడి ఎంత పొట్టిదంటే చిటికెన వేలికి చోటే లేదు, గాల్లో వేలాడింది. గొట్టం పొట్టిదయ్యేసరికి మంట బయటికి ఎగిసింది, చెవులు గుయ్యిమన్నాయి. కాగితం మూలను ఒక్కటి తాకింది. పక్కనున్న మా బావమరిది, 'బావా, ఇది కాగితాన్నే కొట్టలేదు, దొంగను ఏం కొడతాది?' అన్నాడు. అదే కావాలబ్బా అన్నాను. గురి కుదిరిన చేతికి తెగింపు వస్తుంది. గురి లేదని తెలిసినవాడు డబ్బు సంచి పారేసి పరుగెత్తుతాడు, ప్రాణంతో ఇల్లు చేరుతాడు. మీరు కూడా గురి లేదని రూఢి అయ్యేదాకా కాల్చి, అక్కడితో ఆపేయండి.

జేబులో పట్టేది కదా అని జేబులో వేసుకోకండి. ఒకరోజు నూనె రాద్దామని బల్ల మీద పెట్టాను. తూటాలు లేవు. మా మనవడు వచ్చి చూసి, 'తాతా, దీనికి రీలు యాడ?' అన్నాడు. దీపావళి తుపాకి అనుకున్నాడు బిడ్డ. ఆ పూట నాకు అన్నం దిగలేదు. చిన్నదానితో అసలైన ప్రమాదం ఇది, బొమ్మలాగా ఉండటం. ఆ రోజు నుంచి రివాల్వరు ఒక బీరువాలో, తూటాలు ఇంకో బీరువాలో, రెండు తాళాలూ నా మొలతాడుకే.

పెళ్లిలో గాల్లోకి కాల్చాలన్న సరదా ఉంటే అసలు కొనొద్దు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత దానికి రెండేళ్ల జైలు, లక్ష జరిమానా దాకా ఉంది.

తూటా ఎక్కించకముందే చేయవలసిన పని ఒకటుంది. చిత్తూరు నుంచి కాణిపాకం పన్నెండు కిలోమీటర్లే. మన వైపు మాట పట్టింపు వస్తే 'కాణిపాకం వస్తావా?' అంటారు కదా. తాగుడు మానేవాళ్లు, పేకాట మానేవాళ్లు కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందర నిలబడి మాట ఇస్తారు. మీరూ అట్లే ఇవ్వండి. కోపంలో బీరువా తాళం ముట్టుకోను, తాగిన పూట ఆ గదిలోకి పోను, గొడవలో 'నా దగ్గర ఉంది' అనే మాట నోట రానివ్వను. లైసెన్సు ఇచ్చిన కలెక్టరు ఆఫీసు ఈ మూడూ అడగదు, సామి అడుగుతాడు. రివాల్వరు మాత్రం ఇంట్లోనే ఉండాలి. తిరునాళ్లకు, దేవుడి ఊరేగింపులకు ఆయుధం తీసుకుపోకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంది. చవితి నుంచి ఇరవై ఒక్క రోజులు బ్రహ్మోత్సవాలు, ఆ రద్దీలో దాని పేరు కూడా తలవొద్దు. లైసెన్సు పుస్తకం ఒక్కటి జేబులో పెట్టుకుని పోతే చాలు.

ఎన్నికలు వస్తే స్టేషన్లో అప్పగించమంటారు. మొదటి రోజే పోయి ఇచ్చి రసీదు తీసుకోండి. ఓట్ల లెక్కింపు అయిన మర్నాడే వెనక్కి తెచ్చుకోవాలని పరుగెత్తకండి. పోయినసారి నా రసీదు నాలుగు నెలలు పర్సులోనే ఉంది, కాణిపాకం కుంకుమ పొట్లం పక్కన. మడతల్లో ఎర్రగా అయిపోయింది. స్టేషన్లో దాన్ని దులిపి అంకెలు చదువుకోవాల్సి వచ్చింది.