మోటారు మహారాజశ్రీ గారికి

దివిసీమ కవి కాసుల పురుషోత్తముడు ‘ఆంధ్రనాయక శతకం’లో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఎన్నెన్ని మాటలన్నాడో! దేవుణ్ణి అన్నేసి మాటలనడానికి ఆయనకి నోరెలా వచ్చిందో గానీ, గిలకలదిండిలో మా ఇంటి ప్రెషర్ పంపును పల్లెత్తు మాట అనడానికి నాకు నోరు రాదు. పొగడ్డం ఒక్కటే చేతనవును.

మోటారు గారూ! కుళాయి తిప్పితే పైపులో ప్రెషర్ తగ్గిందని పసిగట్టి వెంటనే తిరగాలని తమతో వచ్చిన కాయితంలో రాశారు. కాయితానికేం, ఏదైనా మోస్తుంది. తమరు తొందరపడే మనిషి కాదు. ఒంటినిండా సబ్బు పూసుకున్నవాడికి నీళ్ల మీద ఎంత భక్తి ఉందో పరీక్షించాక గానీ కరుణించరు. “ఏవండీ, నీళ్లు రావట్లేదు, మోటారు చూడండి!” అనే కేకే మా ఇంటి సుప్రభాతం.

తమ సంగీతజ్ఞానం మరీ గొప్పది. స్విచ్ వెయ్యగానే ‘మ్‌మ్‌మ్’ అని శ్రుతి పడతారు. తమ వెనకున్న ఫ్యాను మాత్రం వెంట్రుకవాసి కదలదు. గిట్టనివాళ్లు దీన్ని కండెన్సరు నీరసించిన లక్షణం అంటారు. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను లేవలేదట, మొదటి తోపు కండెన్సరే ఇవ్వాలట. తమ కండెన్సరు మీద పది మైక్రోఫారడ్లని అచ్చేసి ఉంది. మీటరు పెడితే ఆరు చూపించింది. మిగతా నాలుగూ ఏ పేదకో దానం చేసి ఉంటారు. మేం నాలుగు రోజులు ఊరెళ్లొస్తే లోపల తుప్పు పట్టి ఇంపెల్లర్ బిగుసుకుంటుంది. అప్పుడు కరెంటు తీసేసి, వెనక్కెళ్లి, స్క్రూడ్రైవరుతో షాఫ్టును చుట్టు తిప్పి మేలుకొలపాలి. అదీ మా మీద బెంగే కదా!

సాయంత్రం వోల్టేజి 180కి దిగిందా, ఇక తమ వైరాగ్యం చూడాలి. 230 దగ్గర ఉండే లేచే బలంలో అయిదు పాళ్లకి మూడు పాళ్లే మిగులుతుంది గనక లేవరు. న్యాయమే. అవతల హార్బరు బోట్ల ఇంజన్లు ఉప్పునీళ్లకి ఓర్చుకుంటూ నడిసముద్రంలో తిరుగుతున్నాయంటే వాటికి ఆత్మగౌరవం లేక. తమరు రేకుల నీడన, సిమెంటు దిమ్మ మీద కొలువున్నవారాయె.

తమ పరివారాన్నీ తలుచుకోవాలి. ప్రెషర్ స్విచ్ మూత విప్పితే పాయింట్ల మీద పచ్చటి చిలుము, దాని మధ్య కాలి అతుక్కుపోయిన చీమ. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఆ మాత్రం అలంకారం ఉండాలి లెండి. ప్రెషర్ ట్యాంకులో గాలి దిగిపోయింది కాబట్టి చెంబుడు నీళ్లకే నాలుగుసార్లు లేచి నాలుగుసార్లు పడుకుంటారు. లేచిన ప్రతిసారీ మామూలుకి కొన్ని రెట్లు కరెంటు తాగుతారు. పాయింట్లు మాడేదీ కండెన్సరు చిక్కిపోయేదీ అందుకేనని నా అనుమానం. పంపు ఆపి, ట్యాంకులో నీళ్లు ఖాళీ చేసి, సైకిలు పంపుతో గాలి కొడితే సరిపోయే పని. అంత తేలిగ్గా తీరితే తమ మహిమ ఎవరికి తెలుస్తుంది?

తమ భక్తుల్లో మొదట చెప్పుకోవలసింది మా మెకానిక్కుని. మూత విప్పకుండానే “వైండింగ్ పోయిందండీ” అని చెప్పగల దివ్యదృష్టి ఆయనది. కండెన్సరు చూడు బాబూ అంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. అంత చవక జబ్బు తమ హోదాకి తగదని ఆయన బాధ.

చివరికి మేమే బందరు వెళ్లి కొత్త కండెన్సరు తెచ్చి వేయించాం. స్విచ్ వెయ్యగానే లేచారు. వోల్టేజి అదే, తుప్పు అదే, చీమ కూడా అక్కడే ఉంది. ఇన్నాళ్లూ రాజమర్యాదలన్నీ చేయించుకున్నది ఆ వేలెడంత డబ్బా కోసమని ముందే సెలవిస్తే, మాకింత పుణ్యం దక్కేది కాదు.